కొత్త కార్డుకి కరెంటు చాలలేదు

ఆ శుక్రవారం ఉదయం ఫిక్రీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య నాహిద్ అదే ఊళ్ళో బహరీ పేటలోని పుట్టింటికి వెళ్తుంది. తల్లీ కూతుళ్ళు కలిసి చేపలూ అన్నమూ వండుతారు. మధ్యాహ్నం మసీదు ప్రార్థనల తర్వాత ఫిక్రీ కూడా అక్కడికి వెళ్ళి భోంచేస్తాడు. ఈ లోపల, ఇంట్లో ఎవరూ లేని కాస్త సమయంలో, అతను కంప్యూటరు పెట్టె తెరిచి, పాత గ్రాఫిక్స్ కార్డు పీకేసి, కొత్తది బిగించి, పోర్ట్ సయీద్‌లో ఉన్న మహ్రూస్‌ని కారు పందెంలో చిత్తుగా ఓడిస్తాడు.

మహ్రూస్ అతని కాలేజీ స్నేహితుడు. పెళ్ళిళ్ళయి, బట్టతలలొచ్చి, మోకాళ్ళు పట్టేయడం మొదలైనా వాళ్ళిద్దరూ శుక్రవారం పందెం మానలేదు. ఎవరి ఊళ్ళో వాళ్ళు, ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చుని ఆడేవారు. ఫిక్రీ ఓడిపోవడమూ మానలేదు. ఓడిన ప్రతిసారీ అతను చెప్పే మాట ఒకటే: "మలుపు దగ్గర తెర మీద బొమ్మ ఆగిపోయిందిరా, లేకపోతేనా!" ఈ మాట మహ్రూస్‌కి ఎంత అలవాటైపోయిందంటే, పందెం ముగియగానే తనే ముందు అడిగేవాడు, "ఆగిపోయిందా?" అని. ఆ అడగడంలో ఉన్న జాలే ఫిక్రీకి ఎక్కడో గుచ్చుకునేది.

అందుకే కార్డు కొన్నాడు. నిజానికి ఆ డబ్బు స్నానాల గదిలో పాడైపోయిన గీజరు మార్చడానికి దాచింది. చలికాలం, సముద్రం పక్కనే ఇల్లు, తెరిపి లేని వాన. నాహిద్ రోజూ పొయ్యి మీద గిన్నెలతో నీళ్ళు కాచి మోసుకెళ్తోంది. ఆమెకి ఫిక్రీ ఏం చెప్పాడంటే, ఇది ఆఫీసు పని కోసం అన్నాడు. అతను భవనాల నక్షాలు గీసే కంపెనీలో ఉద్యోగి. కొత్త కార్డు ఉంటే పెద్ద పెద్ద నక్షాలు ఇంట్లోనే గీయొచ్చనీ, పై పని దొరుకుతుందనీ, అప్పుడు ఒకటేం ఖర్మ, రెండు గీజర్లు కొనొచ్చనీ చెప్పాడు. నాహిద్ ఒక్క నిమిషం ఆలోచించి, "సరే, ఈ చలికి ఎలాగో ఓర్చుకుంటాలే. నీకు పనికొచ్చేదే కదా," అంది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఫిక్రీ అనుకోలేదు. ఎన్ని అభ్యంతరాలు చెప్పినా తిప్పికొట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఆమె గొడుగు తీసుకుని బయల్దేరగానే ఫిక్రీ తలుపు గడియ వేసి, బల్ల కింద దూరాడు. కార్డు బిగించడం అనుకున్నంత కష్టం కాలేదు. కేబుళ్ళన్నీ ఎక్కడివక్కడ దూర్చాడు. కనీసం అలా దూర్చాననే అనుకున్నాడు. మీట నొక్కగానే తెర వెలిగింది. ఆనందంతో ఫిక్రీ స్పీకర్లు పెట్టాడు. ఇంజిను చప్పుడు గది నిండా వినిపించాలని అతని కోరిక.

"రారా మహ్రూస్, ఇవాళ నీకు మూడింది," అన్నాడు.

పందెం మొదలైంది. అంతకు ముందు మలుపుల దగ్గర మాత్రమే ఆగే బొమ్మ ఇప్పుడు తిన్నని రోడ్డు మీద కూడా ఆగడం మొదలుపెట్టింది. కారు ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతోంది. తేలేసరికి గోడకి గుద్దుకుని ఉంటోంది.

స్పీకర్లలో మహ్రూస్ గొంతు వినిపించింది. "ఏరా, నీ కారు నడుస్తోందా, ఫోటోలు దిగుతోందా?"

"కొత్త కార్డు. ఇంకా కుదురుకోవాలి."

"కుదురుకోవడానికి అదేమన్నా కొత్త కోడలా? ముందు నువ్వు ఆ గోడ దిగు."

రెండోసారి ఆడితే ఇంకా ఘోరం. అప్పుడు ఫిక్రీకి కార్డు అమ్మిన కొట్టువాడు అన్న మాట గుర్తొచ్చింది: "ఇది కరెంటు బాగా తాగుతుందండీ, చూసుకోండి." అదే! కార్డులో దోషం లేదు. దానికి తాగడానికి సరిపడా కరెంటు అందడం లేదు. పాత మేడ, పాత తీగలు, ఎలా అందుతుంది? వెంటనే లేచి ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాడు. వంటింట్లో దీపం ఆర్పాడు. గోడ గడియారం బ్యాటరీతో నడుస్తుందని తెలిసి కూడా దానివైపు ఒకసారి అనుమానంగా చూశాడు. అంతలో పై అంతస్తులో బట్టలుతికే యంత్రం గిరగిర తిరుగుతున్న చప్పుడు వినబడింది. దొంగ దొరికాడనిపించింది.

పై అంతస్తులో ఇన్సాఫ్ మేడమ్ ఉంటుంది. ఆవిడ తలుపు తీయగానే ఫిక్రీ ఆయాసపడుతూ, "ఏమీ అనుకోకండి మేడమ్, మీ యంత్రం కాసేపు ఆపుతారా? నా కొత్త కార్డుకి కరెంటు అందడం లేదు," అన్నాడు.

ఆ మేడలో ప్రతి ఇంటికీ కరెంటు మీటరు కార్డుతోనే నడుస్తుంది. ముందే డబ్బు కట్టి కార్డు నింపించుకోవాలి. కాబట్టి కార్డు అనే మాటకి ఇన్సాఫ్ మేడమ్‌కి తెలిసిన అర్థం ఒకటే.

"మీ కార్డు కూడానా?" ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "నాదీ అంతే నాయనా! నింపించిన కార్డు నింపించినట్టే ఖాళీ అయిపోతోంది. ఎవడో మన లైను మీద పడి తింటున్నాడని నేనెప్పుడో అన్నాను. అయితే మీరు కూడా కనిపెట్టారన్న మాట!"

"అవునవును. ముందు మీరు యంత్రం ఆపండి."

"ఆపుతాను. ఇంజనీరుగారు చెబితే ఆపనా?"

ఆవిడ యంత్రం ఆపింది. ఆపి, మెట్ల మీదికొచ్చి, కిందికి వంగి, మేడంతా మారుమోగేలా అరిచింది. "ఒరేయ్ సాబిర్! కరెంటు దొంగతనం జరుగుతోందట! ఫిక్రీగారు కనిపెట్టేశారు! కరెంటు ఆఫీసు వాళ్ళని పిలుస్తున్నారు!"

కరెంటు ఆఫీసు మాట తను అననే లేదని చెప్పడానికి ఫిక్రీ అక్కడ లేడు. అప్పటికే తన ఇంట్లో, తన కుర్చీలో ఉన్నాడు.

సాబిర్ ఆ మేడ కాపలాదారు. గేటు పక్కన టీలు అమ్ముకుంటాడు. ఆ టీ నీళ్ళు మరిగే పాత్రకి లిఫ్టు లైనులోంచి ఒక తీగ లాగి ఉంది. ఆ సంగతి సాబిర్‌కీ, ఆ పాత్రకీ తప్ప మూడో ప్రాణికి తెలియదు. ఇన్సాఫ్ మేడమ్ కేక వినగానే అతను పరుగెత్తుకెళ్ళి తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఫటేల్‌మని మెరుపొచ్చింది. మిగతా ఇళ్ళలో దీపాలు చెక్కుచెదరలేదు కానీ లిఫ్టు మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆ సమయంలో ఆ లిఫ్టులో ఉన్నది ఫిక్రీ అత్తగారు.

ఆవిడ పేరు ఎతిదాల్, గౌరవంగా పిలిస్తే ఎతిదాల్ హానిమ్. ఆడపిల్లల బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. అయితే ఆ విశ్రాంతి ఆవిడ గొంతుకి ఇంకా అందలేదు. పొద్దున నాహిద్ వెళ్ళి, "పాపం, సెలవు రోజు కూడా ఆఫీసు పనితో కుస్తీ పడుతున్నాడమ్మా," అని కాస్త గర్వంగా చెప్పింది. ఎతిదాల్ హానిమ్ మనసు కరిగిపోయింది. "అల్లుడు అంత కష్టపడుతుంటే మనం ఇక్కడ తింటూ కూర్చుంటామా? పద, వంట అక్కడికే పట్టుకెళ్దాం," అంది. చేపల పళ్ళెం, అన్నం గిన్నె, వాటితో పాటు ఎతిదాల్ హానిమ్ ఎక్కేసరికి లిఫ్టులో ఇంకెవరికీ చోటు మిగల్లేదు. నాహిద్ తక్కిన సంచులు మోసుకుంటూ మెట్లెక్కింది.

తలుపు చప్పుడు విని ఫిక్రీ తీసేసరికి ఎదురుగా తడిసిన గొడుగుతో భార్య.

"అమ్మ లిఫ్టులో ఇరుక్కుపోయింది," అంది నాహిద్. ఆయాసం వల్ల ఇంకేం అనలేకపోయింది.

ఫిక్రీ కిందికి పరుగెత్తాడు. రెండు అంతస్తుల నడుమ లిఫ్టు వేలాడుతోంది. ఇనుప ఊచల సందులోంచి అత్తగారి చెప్పులూ, చేపల పళ్ళెం అంచూ కనిపిస్తున్నాయి. మెట్ల నిండా వేయించిన ఉల్లిపాయల వాసన.

"అత్తయ్యగారూ, భయపడకండి!"

"భయం నాకెందుకు బాబూ? భయపడాల్సింది దీన్ని బాగుచెయ్యాల్సినవాడు. ఎక్కడ వాడు?"

"మసీదులో ఉన్నాడండీ. ప్రార్థన అయితే గానీ ఫోనెత్తడు."

"సరే, అంతవరకూ నిలబడతాను. బడిలో ఎంతమందిని నిలబెట్టలేదు!" ఊచల వెనక చెప్పులు ఇటు తిరిగాయి. "అవునూ, శుక్రవారం కూడా నిన్ను వదలని ఆ పనేమిటి నాయనా? చాలా పెద్దదా?"

ఫిక్రీ వెనక మెట్ల మీద నాహిద్ నిలబడి ఉంది. అతనికి నోటికొచ్చిన మొదటి పెద్ద పని పేరు చెప్పేశాడు. "ఆసుపత్రి నక్షాలండీ. కొత్త ఆసుపత్రి. డైరెక్టరుగారు వెంటనే కావాలన్నారు."

"ఎవరు, రిఫాతా? వాడి పెళ్ళాం నా దగ్గర చదువుకున్న పిల్ల. నీకు అక్కడ ఉద్యోగం అడిగింది కూడా నేనే. ఉండు, దానికి ఫోను చేసి చెప్తాను."

"వద్దండీ! అత్తయ్యగారూ, కాళ్ళు పట్టుకుంటాను, వద్దు!" నిజంగా పట్టుకోవాలన్నా ఆ కాళ్ళు అతని తలకన్నా ఎత్తులో ఉన్నాయి.

ఊచల వెనక అప్పటికే ఫోను మోగుతోంది. "ఏమ్మా, బాగున్నావా? నేను ఎతిదాల్ టీచర్ని. లిఫ్టులోంచి మాట్లాడుతున్నాను..."

ఎంతోసేపు పట్టలేదు. ఫిక్రీ జేబులో ఫోను అదిరింది. డైరెక్టరు రిఫాత్. ఆఫీసులో అందరూ గౌరవంగా ‘బే’ అని పిలుస్తారు.

"ఫిక్రీగారూ, మీరు ఇంట్లో ఆసుపత్రి నక్షాలు గీస్తున్నారట."

"సార్, అది..."

"ఆ నక్షాలు నా బీరువాలో ఉన్నాయి. తాళం నా జేబులో ఉంది. ఆ పని మనకి వస్తుందో రాదో ఇంకా తేలనే లేదు. మన ధరల అంకెలు అవతలి కంపెనీకి ఎలా తెలుస్తున్నాయా అని నేను నిద్ర లేకుండా చస్తున్నాను. మీ ఇంట్లో ఉన్నవి ఎవరి నక్షాలు? ఎవరి కోసం?"

"సార్, మీరు పొరపడుతున్నారు..."

"పక్క వీధిలోనే ఉన్నాను. వస్తున్నాను. ఆ యంత్రాన్ని ముట్టుకోవద్దు."

రిఫాత్ బే వానలో తడుస్తూ వచ్చాడు. లిఫ్టు లేదు కాబట్టి మెట్లెక్కాడు. సగం దూరంలో తల మీదుగా ఒక గొంతు వినిపించింది. "రిఫాత్! పైకి చూడు! శుక్రవారం మనిషి చేత పని చేయిస్తావా? నీ భార్యకి నేను నేర్పింది ఇదేనా?" రిఫాత్ బే పైకి చూశాడు. ఊచల సందులోంచి చేప తోక కనిపించింది. "నమస్కారం టీచరుగారూ," అని గొణిగి మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. గదిలోకి వచ్చేసరికి అతని కోపం రెట్టింపైంది.

తెర మీద కారు ఇంకా గోడకి అతుక్కునే ఉంది. రిఫాత్ బే నోరు తెరిచేలోపలే స్పీకర్లు మాట్లాడాయి.

"ఫిక్రీ, వచ్చావా? ఇంకెంతసేపురా? ఇవాళ తేలిపోవాలి. నువ్వు సరుకు కొన్నదే దీనికోసం కదా!"

రిఫాత్ బే ముఖం ఎర్రబడింది. "ఎవరతను? ఏ కంపెనీ?"

"కంపెనీ కాదు సార్. మహ్రూస్."

"మహ్రూస్ అండ్ ఎవరు?"

ఫిక్రీ ఒకవైపు చూస్తే డైరెక్టరు. ఇంకోవైపు చూస్తే తలుపు దగ్గర నాహిద్, పొడిబట్టతో చేతులు తుడుచుకుంటూ. నిజం చెబితే ఇల్లు పోతుంది, అబద్ధం చెబితే ఉద్యోగం పోతుంది. ఆ రెండింట్లో ఏది ముందు పోవాలో ఆలోచించుకునే వ్యవధి అతనికి ఎవరూ ఇవ్వలేదు. నిజానికి అతనికి ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు. మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"సార్, ఒట్టు. ఇంట్లో ఈ కంప్యూటరు మీద నేను ఒక్క గీత గీసి ఎరగను. ఆసుపత్రి లేదు, ఏమీ లేదు. ఇది కార్ల ఆట. ఆట కోసమే ఈ కార్డు కొన్నాను. కావాలంటే మొత్తం వెతుక్కోండి, ఒక్క నక్షా దొరకదు. కార్లు తప్ప దీంట్లో ఏమీ లేవు."

ఇంత నిజాన్ని అతను ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు.

నాహిద్ తుడుచుకోవడం ఆపింది. "అంటే నాకు అబద్ధం చెప్పావు. ఆయనకి నిజం చెప్పావు."

"నాహిద్, ఉద్యోగం పోతుందని..."

"అదే. పోతుందని ఆయన దగ్గర భయమేసింది." ఆమె గొంతు పెంచలేదు. "నా దగ్గర పోయేదేముంది అనుకున్నావు." పొడిబట్ట మడిచి కుర్చీ మీద పెట్టి, తల్లి దగ్గరికి మెట్లు దిగి వెళ్ళింది.

రిఫాత్ బే ఆ మాటలు విననట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత ఫిక్రీ కుర్చీలో కూర్చుని, ఒక్కో దస్త్రం తెరిచి చూశాడు. నిజంగానే కార్లు తప్ప ఏమీ లేవు. అతని ముఖంలో ముందు నమ్మకం కలిగింది. ఆ వెనకే కుతూహలం వచ్చింది. కారుని కాస్త ముందుకి నడిపాడు. బొమ్మ ఆగింది.

"ఇదేమిటి, ఇలా నత్తలా ఉంది? ఇంత పెద్ద కార్డు పెట్టారు కదా?"

"కరెంటు చాలడం లేదు సార్."

రిఫాత్ బే వంగి పెట్టె వెనక్కి తొంగి చూశాడు. "కరెంటు కాదు, నా మొహమూ కాదు. తెర కేబులు కొత్త కార్డుకి పెట్టకుండా పెట్టెకి మొదట్నుంచీ ఉన్న పై రంధ్రంలో పెట్టారు. కార్డు పాపం వెనకాల ఊరికే కూర్చుని ఉంది. మా అబ్బాయి కూడా మొదట్లో ఇదే చేశాడు." కేబులు పీకి కిందనున్న రంధ్రంలో దూర్చి, మళ్ళీ మొదలుపెట్టాడు.

తెర మీద రోడ్డు నూనె పోసినట్టు సాగింది. వాన చినుకులు కారు అద్దం మీద విడివిడిగా జారుతున్నాయి. ఫిక్రీ అంత అందమైన రోడ్డుని బయట కూడా చూసి ఉండడు. రిఫాత్ బే చొక్కా చేతులు పైకి మడిచాడు. జీవితంలో మొదటిసారి ఆ ఆట ఆడుతున్న మనిషి, చివరి మలుపు దగ్గర మహ్రూస్‌ని దాటేసి గెలిచాడు.

"ఒరేయ్ ఫిక్రీ!" స్పీకర్లలో మహ్రూస్ అరిచాడు. "ఏం మాయరా ఇది! చంపేశావు కదరా! ఆ కార్డు కొనమని చెప్పింది నేనే, మర్చిపోకు!"

రిఫాత్ బే ముసిముసిగా నవ్వుతూ లేచి, కుర్చీ చూపించాడు. "మీరు కానివ్వండి."

ఫిక్రీ కూర్చున్నాడు. వెనక డైరెక్టరు నిలబడ్డాడు. బొమ్మ ఆగలేదు. మొదటి మలుపు రావడం అతనికి స్పష్టంగా, ముందుగానే కనిపించింది. ఎంత స్పష్టంగా కనిపించిందంటే, తన చేతులు ఆలస్యంగా తిరగడం కూడా కనిపించింది. కారు గోడకి గుద్దుకుంది. రెండో మలుపు దగ్గరా గుద్దుకుంది. మహ్రూస్ ఎప్పుడో ముందుకి వెళ్ళిపోయాడు. పందెం ముగిసింది.

స్పీకర్లలో మహ్రూస్ మెల్లగా అడిగాడు. "ఆగిపోయిందా?"

ఫిక్రీకి ఎన్నో ఏళ్ళుగా తయారుగా ఉన్న జవాబు ఆ రోజు నోటికి రాలేదు. "లేదురా," అన్నాడు.

ప్రార్థనలయ్యాక మరమ్మతువాడు వచ్చి లిఫ్టు దింపాడు. ఎతిదాల్ హానిమ్ ఇక పైకి రాలేదు. కూతురు చెప్పిందంతా విని, చేపల పళ్ళెంతో సహా టాక్సీ ఎక్కింది. నాహిద్ కూడా ఎక్కింది. ఫిక్రీ వానలో టాక్సీ వెనక కాస్త దూరం నడిచి, ఆగిపోయాడు. గేటు దగ్గర సాబిర్ అతని చేతిలో చల్లటి టీ పెట్టి, "కరెంటు ఆఫీసు వాళ్ళకి చెప్పకండి బాబూ, నా మీద కేసు పెడతారు," అని బతిమాలాడు. ఫిక్రీ ఏమీ అర్థం కాకుండానే చెప్పనని మాటిచ్చాడు.

ఆ తర్వాతి వారం నాహిద్ తిరిగొచ్చింది. ఇంట్లో గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండునని ఫిక్రీకి చాలాసార్లు అనిపించింది. ఆమె వంట చేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది, పక్కింటి వాళ్ళతో మాట్లాడేటంత మర్యాదగా మాట్లాడేది. అతను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగేది కాదు. చెప్పేది నిజమో కాదో తేల్చుకోవాల్సిన శ్రమ ఎందుకనుకుందో ఏమో.

ఆఫీసులో మాత్రం రిఫాత్ బేకి అతని మీద నమ్మకం ఎంతో పెరిగింది. ఆసుపత్రి పని చివరికి వాళ్ళ కంపెనీకే వచ్చింది. ఒక సాయంత్రం అతను ఫిక్రీని పిలిచి, నక్షాల కట్ట బల్ల మీద పెట్టాడు. "ఇంత నిజాయితీపరుడు మన ఆఫీసులో ఇంకొకడు లేడు. పైగా ఇంట్లో అంత మంచి యంత్రం ఊరికే పడుంది. శుక్రవారాలు కాస్త ఇవి చూడండి." దానికి విడిగా జీతమేమన్నా ఉందా అని అడగడానికి ఫిక్రీకి ముఖం చెల్లలేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం అతను ఆ బల్ల ముందు కూర్చుని ఆసుపత్రి గోడలు గీస్తాడు. నాహిద్ అటుగా వెళ్తూ ఒక్క క్షణం ఆగి, తెర మీద ఉన్నది నిజంగా ఆసుపత్రేనా కాదా అని చూసి వెళ్తుంది. మధ్యలో రిఫాత్ బే ఫోను చేసి, "మెట్ల సంగతి అయిందా?" అని అడుగుతాడు. ఆ మాట వెనక కార్ల రొద వినిపిస్తూ ఉంటుంది. ఆ రొద వెనక, ఇంకెవరితోనో కాదు, రిఫాత్ బేతోనే పరాచికాలాడుతూ మహ్రూస్ గొంతు.

అంతపెద్ద ఆసుపత్రిని ఎటు తిప్పినా, తెర మీద బొమ్మ మాత్రం ఎక్కడా ఆగడం లేదు.